ఇరవై సెకన్ల తర్వాత

రాణిగంజ్‌లో లిఫ్టులు బాగుచేసే ఆఫీసు
మూడో అంతస్తులో ఉంటుంది.
ఆ బిల్డింగుకి లిఫ్టు లేదు.
రూటరు డబ్బా చంకన పెట్టుకుని
నవ్వుకుంటూ మెట్లెక్కాను,
రెండో మలుపులో నవ్వు పోయి ఆయాసం మిగిలింది.

బేస్తవారం కింద రోడ్డు తవ్వారు.
నీళ్ల పైపు కోసం దిగిన గడ్డపార
ఫోను వైరును తెంపింది.
ఆ రాత్రి హిమాయత్‌నగర్‌లో
రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ నడుమ
కుట్టుమిషనుతో ఇరుక్కున్న ఒకామె
గంటన్నరసేపు ఫోన్ చేసింది.
ఆమె చెవిలో గంట మోగుతూనే ఉంది.
ఇక్కడ అంజిబాబు దాని పక్కనే
మెలకువగా కూర్చుని పేపరు చదివాడు.
ఫోను కిమ్మనలేదు.

"ఒకరు ఎత్తకపోతే ఇంకొకరికి పోవాలె,
వాళ్లు ఎత్తకపోతే ఇంకొకరికి.
ఎంతైనా కానియ్," అన్నాడు పన్నాలాల్ సేటు.

వైరు తెగితే సిమ్ము,
ఆ సిమ్ము పోతే ఇంకో కంపెనీ సిమ్ము,
కరెంటు పోతే బ్యాటరీ,
కాల్ ఈ గదికి రాకముందే, పైనే మలుపు తిరిగే ఏర్పాటు.
ఇదంతా చాయ్ రెండోసారి వచ్చేలోపే అయిపోయింది.
మనిషి వెనక మనిషిని పెట్టడానికే
పొద్దు గూకింది.

మొదట డెస్కు మీద రజియా. ఇరవై సెకన్లు.
తర్వాత అంజిబాబు.
"నేను లిఫ్టు గుంతలో దిగి ఉంటే సిగ్నల్ ఉండదన్నా"
అన్నాడు. నిజమే,
ఒకరిని బయటికి తీస్తున్నప్పుడు
ఇంకొకరికి దొరకడు.
మూడోది ఎవరని అడిగాను.
గది మొత్తానికీ ఒక్కసారే పని గుర్తొచ్చింది.
లోకనాథం స్క్రూలు లెక్కపెట్టడం మొదలెట్టాడు.
అకౌంట్ల పిల్లకి రాత్రి ఫోనంటే ఇంట్లో గొడవట.
సేటు తన నంబరే చెప్పి, కాసేపాగి,
"పదకొండు దాకనే రాస్కో," అన్నాడు.

పాత డబ్బాలో పాత జాబితా.
చిట్టచివర, పేరు లేని ఒక నంబరు.
ఎవరిదో ఎవరికీ తెలీదు.
చెరిపేసే ముందు ఒకసారి చూద్దామని
నా సెల్లు నుంచి కొట్టాను.
రెండో రింగుకే ఎత్తారు.

"ఏ బిల్డింగు బిడ్డా? లోపల ఎందరున్నరు?
తలుపు గుంజకుండ్రి.
కింద కూసోండ్రి, గాలి ఆడుతది."

నాకు నోరు పెగల్లేదు.
నేను నిజంగానే ఇరుక్కున్నాననుకుని
ఆ గొంతు ఇంకా నెమ్మదించింది:
"మాట్లాడకున్న మంచిదే.
నేను పెట్టెయ్య."

మొగులయ్య. ఒకప్పటి రాత్రి ఆపరేటరు.
పని మానేసి తొమ్మిదేళ్లు.
లాలాపేటలో కోళ్ల దాణా అమ్ముతున్నాడు.
ఏడాదికి రెండో మూడో వస్తాయట ఇలాంటివి,
మాట్లాడుతూ కూర్చుంటాడట, అవతల తలుపు తెరుచుకునేదాకా.
మాకెందుకు చెప్పలేదంటే
"మీరెప్పుడు అడిగిండ్రు?
జీతమేమన్న ఇస్తరా ఇప్పుడు?" అని నవ్వాడు.
వెనక ఒక కోడి అరిచింది.

బేస్తవారం సంగతి చెప్పాను.
వైరు తెగిందనీ, ఆయన దాకా రాలేదనీ.
నవ్వు ఆగింది.
"ఆమె ఎట్లున్నది?"

సేటు నా మొహం చూశాడు. నేను రజియాను చూశాను.
ఫిర్యాదు సంగతి తెలుసు మాకు,
కాంట్రాక్టు పోతుందేమోనన్న భయం తెలుసు,
తెగిన వైరు పొడుగు కూడా తెలుసు, ఆరు మీటర్లు.

జాబితాలో ఆయన నంబరు ఉంచాను.
ఈసారి పేరు కూడా రాశాను.
సేటు చూశాడు, ఏమీ అనలేదు.

రజియా ఫైలు తీసి
ఫిర్యాదు కాగితం అడుగున ఉన్న నంబరు కొట్టింది.
స్పీకరు పెట్టింది.
అవతల మోగుతోంది.
అలవాటు కొద్దీ లోపలే లెక్కపెడుతున్నాను,
లోకనాథం పెదాలు కూడా కదులుతున్నాయి.
పదకొండు.
పన్నెండు.
పదమూడు.