అగ్గిపెట్టెంత ఐదు

కోఠీలో గుజరాతీ గల్లీ నుంచి ఐదు తెచ్చాను,
ఒక్కొక్కటీ అగ్గిపెట్టెంత లేదు.
ఎంత బేరమాడినా పైసా తగ్గించలేదు గానీ
బ్యాటరీలు మాత్రం ఊరికే ఇచ్చాడు.

మాది సీతాఫల్‌మండిలో మూడో అంతస్తు, ఆఖరిది.
పైన స్లాబు, స్లాబు పైన సూర్యుడు,
మధ్యలో అడ్డం చెప్పేవాళ్ళెవరూ లేరు.

డబ్బాలో మడత కాగితం:
ఎండ తగిలే గోడకి వద్దు.
పొయ్యి పక్కన వద్దు, ఫ్రిజ్ మీద వద్దు,
ఏసీ మూతికి ఎదురుగా అసలే వద్దు.
మనిషి ఛాతీ ఎత్తులో, గాలి ఆడే చోట, లోపలి గోడకి.
చదివి వినిపించాను సలోమికి.
కందిపప్పులో రాళ్ళు ఏరుతూ నవ్వింది.
"ఇరవై రెండేళ్ళు వార్డులో చేసింది ఇదే గదా.
వేడి చాయ్ తాగినోడి నాలుక కింద పెట్టొద్దు.
చెమట తుడవకుండా చంకలో పెట్టొద్దు.
పెట్టినాక చెయ్యి దగ్గరికి నొక్కి పట్టాలె,
మాట్లాడనియ్యొద్దు.
ఇల్లయితే ఏంది, ఒళ్ళయితే ఏంది."

మొదటిది హాల్లో, చర్చి క్యాలెండర్ పక్కన.
రెండోది మంచం తలాపున, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా.
మూడోది ఆమె మందుల అరలో.
నాలుగోది మాత్రం కాగితం మాట వినకుండా
పడమటి గోడకే అంటించాను.
రాత్రి పదకొండుకి ముప్ఫై ఆరు.
అప్పుడు తెలిసింది ఆ గోడ సంగతి:
పగలంతా ఎండ దగ్గర అప్పు చేసి
చీకటి పడ్డాక మా ఒంటి మీద తీరుస్తుంది.

ఐదోది చేతిలో మిగిలింది.
పొయ్యి పక్కన, పోపుల డబ్బా వెనక పెట్టాను.
"తప్పు జాగ," అంది.
"నువ్వు నిలబడే జాగ," అన్నాను.
ఏమీ అనలేదు. కుక్కర్ విజిల్ వేసింది.

అప్పట్నుంచి ఫోన్‌లో ఐదు గీతలు.
హాలుది నీరసంగా నడిచే గీత.
మందుల అరది మర్యాదస్తురాలు, హద్దు దాటదు.
వంటింటిది పొద్దున ఒక గుట్ట, మధ్యాహ్నం ఒక కొండ,
సాయంత్రం చపాతీల దగ్గర ఇంకో గుట్ట.
ఆ తర్వాత పడుకోవాలి కదా,
పడుకోదు.
రాత్రి మూడుంబావుకి చిన్న బొడిపె.
డిగ్రీన్నర లేస్తుంది, పావుగంటలో దిగుతుంది.

బ్యాటరీ పాడైందనుకున్నాను, ఊరికే ఇచ్చినవి గదా.
తప్పు చోట పెట్టాను గనక
తప్పు చెబుతుందనుకున్నాను.
తొమ్మిది రాత్రులు, తొమ్మిది బొడిపెలు.

పదో రాత్రి మెలకువ వచ్చి పక్కకి చెయ్యి చాపితే
పరుపు ఖాళీ. దుప్పటి ఇంకా వెచ్చగా ఉంది,
అక్కడ నేనేమీ అంటించలేదు.
వంటింట్లో లైటు లేదు, పొయ్యి నీలం మంట ఒక్కటే.
నీళ్ళ డ్రమ్ము మూత మీద కూర్చుని
స్టేషన్ వైపు కిటికీలోంచి చూస్తోంది,
ఒళ్ళో చేతులు, ఎడమ మణికట్టు మీద కుడి చేతి వేళ్ళు.
ఆ వేళకి ఆమె మూడింటి రౌండు
పద్నాలుగో మంచం దగ్గరికి వచ్చి ఉండేది.
ఉద్యోగం మాని ఎనిమిది నెలలు.
ఒంటికెవరూ రిలీవింగ్ ఆర్డర్ ఇవ్వలేదు.

పిలవలేదు నేను.
తిరిగొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాను.
కాసేపటికి చాయ్ వాసన వచ్చి పక్కన వాలింది.
చేతిని తిరగేసి, వేళ్ళ వెనకభాగం
నా నుదుటి మీద ఆనించింది,
లోపల లెక్కపెట్టుకుంటున్నట్టు కాసేపు ఉంచి
తీసేసింది.
ఎంతుందో చెప్పలేదు.

తెల్లారి ఐదోదాన్ని అక్కణ్ణించి పీకేశాను.
"పొయ్యి పక్కన వద్దని కాగితంలోనే ఉంది గదా."
"నేను జెప్పలేదా," అంది, నన్ను చూడకుండా.
ఇప్పుడది చెప్పుల స్టాండు పైన, ఛాతీ ఎత్తులో,
అన్ని నియమాల ప్రకారం.
రాత్రంతా గీత సాఫుగా పోతుంది.

నిన్న మూడుంబావుకి దాహం వేసినట్టు లేచాను.
డ్రమ్ము పక్కన ప్లాస్టిక్ స్టూలు ఒకటి వేసి ఉంది.
గట్టు మీద ఒక గ్లాసు పొగలు కక్కుతోంది.
రెండోది
కడిగి బోర్లించి ఉంది, ఎన్నాళ్ళ నుంచో తెలీదు.