మందార రంగు

రాత్రి రెండున్నరకి
పద్నాలుగు అంతస్తుల్లో ఆఫీసువాళ్లన్నవాళ్లు లేరు.
లిఫ్టులు నిలబడే నిద్రపోతున్నాయి.
నేలమాళిగలో నేను,
చేతిలో టార్చి, ఎదురుగా మీటరు.
దాని ఎర్ర ముల్లు
ఆగకుండా తిరుగుతోంది.

తాగేవాడు లేడు, కడుక్కునేవాడు లేడు.
మరి ఈ దాహం ఎవరిది?

మాంటెర్రేకి ఈ ఏడు వాన ముఖం చాటేసింది.
జీనుకొండ మీదికి మబ్బు వస్తుంది, కూర్చుంటుంది,
చెప్పాపెట్టకుండా లేచిపోతుంది.
మా పేటలో కుళాయి
తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు దాకా దగ్గుతుంది.
ఆ దగ్గులో ఎన్ని బకెట్లు నిండితే
అంత వంట, అంత స్నానం.

ఇక్కడ గోడగోడకీ కాగితం:
ప్రతి బొట్టూ విలువైనదే.
ఇంజనీరు ఆర్నుల్ఫో గారు
కుళాయిలకి జల్లెడ మూతులు బిగించారు.
ఏసీల చెమటని గొట్టంతో పట్టి
చల్లార్చే టవరుకి తాగించారు.
వాకిట్లో పచ్చిక పీకించి
ముళ్లమొక్కలు నాటించారు.
గ్రాఫు కాస్త వంగింది. చప్పట్లు కొట్టారు.
రాత్రి గీత మాత్రం
మొండి ఎద్దులా అక్కడే పడుకుంది.

ఒక్కో అంతస్తు వాల్వు కట్టుకుంటూ
మూడు వారాలు మెట్లెక్కాను, దిగాను.
చివరికి పదకొండో అంతస్తులో
తుడుపుకర్ర గోడకి ఆనించి దొమితీలా అంది:
"నన్నడిగితే చెప్పేదాన్నిగా.
డైరెక్టరు గారి సొంత మరుగుదొడ్డిలో
రెండేళ్లుగా ఎవరో గుసగుసలాడుతున్నారు.
పగలు వినపడదు.
మూడుసార్లు చెప్పాను.
రిజిస్టరులో
తుడిచేవాళ్లకి గడి లేదన్నారు."

ఆ తలుపు తాళంచెవి ఆమె నడుముకే ఉంది.
తొట్టి మూత తీసింది.
భోజనంలోకి తెచ్చుకున్న మందారపూల నీళ్లు
సీసా అడుగున మిగిలినవి
అందులో ఒంపింది, కొన్ని నా చేతి మీద.
ఇద్దరం నేల మీద కూర్చున్నాం.
ఎవరం ఏ మీటా నొక్కలేదు.
కాసేపటికి
తెల్లటి పింగాణీ మీద
దారప్పోగంత ఎరుపు
దిగుతూ, తడుముకుంటూ, దిగుతూ వచ్చింది.

ఒక రబ్బరు బిళ్ల. అంతే.
నా బస్సు టికెట్టు కన్నా చవక.

మార్చి, కిందికి పరుగెత్తాను.
గడియారంలో ముల్లు ఆగితే తిట్టుకుంటాం.
ఈ ముల్లు ఆగితే
గోడకి చేరగిలబడి ఒక్కణ్ణే నవ్వాను.

పొద్దున ఆర్నుల్ఫో గారు అడిగారు,
ఎలా పట్టుకున్నావని.
దొమితీలా, అన్నాను.
ఇంటిపేరు? కలం ఎత్తి పట్టుకున్నారు.
ఆరేళ్లుగా ఒకే రాత్రిలో పనిచేస్తున్నాం.
నాకు తెలీదు.

ఇల్లు చేరేసరికి మా కుళాయి దగ్గు ఆగిపోయింది.
అక్కడ మిగిలిన నీళ్లు
ఏ గొట్టంలో, ఎటు మళ్లాయో
ఆ పటం నా దగ్గర లేదు.
మా ఆవిడ పట్టిన బకెట్టులోంచి
ఒక్క చెంబుతో ముఖం కడుక్కున్నాను.
గోళ్ల సందుల్లో ఎరుపు అలాగే ఉంది.
ఇంకో చెంబు ముంచబోయి
మానేశాను.