కాకి ఉన్న పుట

సెరంగో కొండల్నుంచి పాస్టరు ఇసాకు రైతా గారు
గోనెసంచిలో తెచ్చారు ఒక గ్రీకు నిఘంటువుని.
వీపు ఊడిపోయింది. చెదలు మొదటి అక్షరం నుంచీ మొదలెట్టి
ఎంచేతో మధ్యలో చదువు మానేశాయి.

పర్లాకిమిడిలో నా పని పుస్తకాలకి వీపు వెయ్యడం.
ఒడియా పంచాంగం, తెలుగు జమాఖర్చు,
ఏ లిపికైనా సూది పొడిచే కన్నం ఒకటే.

జిగురు ఆరేదాకా ఊరికే కూచోలేక ఆయన
ఊడిన పుట ఒకటి తీసి వేలు పెట్టారు.
"కొరోనే. అంటే కాకి."
మొదట సముద్రం మీది పిట్టట, తరవాత నేలమీది కాకి.
ఆ ముక్కు వంపు చూసి కాబోలు
తలుపు లాగే కడియమూ అదే,
నాగలి ఏడికోల కొస,
ఓడ వెనక పైకి లేచిన వంపు,
కొమ్ముతో చేసిన వింటికి నారి తగిలించే మొన.

కొమ్ము అనగానే ఎదురు కొట్లో మహారణా
ఆకురాయి ఆపి తలెత్తాడు.
చేతిలో దున్నకొమ్ము అప్పటికి సగమే కొంగ.
"ఇంకొంచెం వంచితే కాకే" అన్నాడు ఒడియాలో.
ముగ్గురం నవ్వాం.

నవ్వాక ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది.
కొరోనే.
చివర ఒక్క అచ్చు మారితే చాలు,
ఆ ఏడు పాతపట్నం దారికి అడ్డంగా కట్టిన వెదురు.

వెదురుకి అవతల మా అప్ప దాలమ్మ.
నడిస్తే గంట కూడా పట్టదు.
పోలీసు మంచివాడే, టీ పోశాడు,
దాటనివ్వలేదు.
పదో నాడు ఇవతలే, మహేంద్రతనయ ఇసకలో
విస్తరాకులో ముద్ద పెట్టి నిలబడ్డాను.
అవతలి గట్టునుంచి వచ్చిందొకటి
ఏ కాగితమూ చూపించకుండా.
ముట్టింది. తిరిగి అటే పోయింది.

పుటంతా వెతికించాను. ఈ అర్థం లేదు.
"పాత పుస్తకం కదమ్మా" అన్నారు పాస్టరు గారు.

ఇంకోటీ లేదు:
తాటిబెల్లం ముక్కని గౌను అంచులో చుట్టి
పటుక్కున కొరికి, పెద్ద సగం నాకిచ్చి
"ఎంగిలి కాదే గుంటా, కాకెంగిలి" అనే పిల్ల.
గ్రీకుల్లో అప్పలు లేరేమో.

సూదిలో దారం ఎక్కించాను.
ఆ పుట దగ్గర కుట్టు కాస్త వదులుగా పడింది,
పడింది కాదు, వేశాను,
ఎవరు తెరిచినా అక్కడే తెరుచుకునేట్టు.
ముప్ఫై రూపాయలు తక్కువ తీసుకున్నాను.
ఎందుకని ఆయన అడగలేదు.