చెయ్యి లూజు పదకొండు

పంజా సెంటర్లో మెట్ల కింద నా కుట్టుమిషను.
పైన చెప్పుల గోడౌను, ఎవరు మెట్లెక్కినా
నా నెత్తిన దుమ్ము.
పదో తరగతి తప్పాను, అదీ ఇంగ్లీషులోనే.
అయినా కొలతల పుస్తకం ఇంగ్లీషులోనే రాస్తాను,
మజూరీ పది రూపాయలు ఎక్కువ అడగొచ్చని.

మా పనిలో లూజంటే వదులు కాదు, కొలత.
చెయ్యి లూజు, చంక లూజు, నడుం లూజు.
ఎంత బిగుతు జాకెట్టు కావాలన్నా
ముందు లూజెంతో రాసుకోవాలి.
బజారుకెళ్తే దాని సంగతే వేరు.
ప్యాకెట్టు లేని టీ పొడి లూజు,
కాళేశ్వరరావు మార్కెట్లో డబ్బాలోంచి కొలిచే నూనె లూజు,
కడుపులో మాట దాగని మా బావమరిది లూజు,
మామిడిపళ్ల రోజుల్లో వాడి కొడుకు కడుపూ లూజే.
ఒక్క మాట, ఎన్ని ఇళ్లల్లో అన్నం తింటుందో!

హైమావతి టీచరుగారు, మునిసిపల్ హైస్కూల్లో ఇంగ్లీషు,
ఓ రోజు కళ్లజోడు ముక్కు మీదికి జార్చి
నా పుస్తకం తిరగేశారు.
"బాజీ, అన్నిచోట్లా ఒక సున్నా మింగేశావు.
రెండుంటేనే వదులు.
ఒకటి ఊడిందా, పోగొట్టుకోవడం."
"సున్నాకి అంత విలువుంటుందాండీ?"
"లెక్కల మాస్టార్నడుగు" అని నవ్వి
ఎర్రపెన్నుతో పదకొండు పేజీలు దిద్దారు.
నాకా సున్నాలు
పక్కపక్కన కుట్టిన గుండీల్లా కనిపించాయి.

శ్రావణంలో ఐదు జాకెట్లు తెచ్చారు.
"లూజయ్యాయి. లోపల ఒక కుట్టెయ్యి."
వేశాను. చెయ్యి లూజు పదకొండల్లా పదిన్నర.
దసరాకి ముందు అవే ఐదు. ఇంకో కుట్టు. పది.
కార్తీకంలో మళ్లీ.
టేపు పెట్టబోతే భుజం మీంచి దానంతటదే జారింది.
తొమ్మిదింబావు.
ఎండ లేదు, వాన లేదు,
కొంగు తల నిండా కప్పుకొని ఉన్నారు.
గాజులు మోచేతి దాకా వెళ్లి
చప్పుడు చేసుకుంటూ తిరిగొచ్చాయి.
నేనేమీ అడగలేదు.
కొలిచేవాడు అడక్కూడదని
మా నాన్న కత్తెరతో పాటు ఇచ్చిన మాట.

"మిగిలిన గుడ్డ కత్తిరించెయ్, గుచ్చుకుంటోంది."
"వద్దండీ. లోపల వదిలేస్తాను.
మా పనిలో గుడ్డ వదలడమంటే ఉంచడం."
"ఆ అర్థం నా డిక్షనరీలో లేదే" అన్నారు,
అని చాలాసేపు గోడ మీది క్యాలెండరు చూశారు.
ఆ రాత్రి షట్టరు సగం దించి
మిగిలిన గుడ్డంతా మడిచి
పైన మల్లుగుడ్డ వేసి చేత్తో కుట్టాను, ఐదింటికీ.
దానికి మజూరీ రాసుకోలేదు.

వైశాఖం. బెజవాడలో రోళ్లు పగిలే ఎండ.
ఆటో దిగి నడిచొస్తున్నారు, నెత్తిన కొంగు లేదు.
చంటిపిల్ల పుట్టువెంట్రుకలంత జుట్టు,
అదీ ఒక పక్కకి దువ్వుకొని.
నీలం జాకెట్టు ఒకటి బల్ల మీద పడేసి
తగువుకొచ్చినట్టు అన్నారు:
"ఊపిరాడ్డం లేదోయ్, టైటయింది!"

మూడు కుట్లూ విప్పబోయాను.
"ఒక్కటే విప్పు. మిగతావి ఉండనీ, చూద్దాం."

బ్లేడుతో దారం తెంపుతుంటే
ఆర్నెల్లు చీకట్లో ఉన్న గుడ్డ
సన్నటి గీతలా బయటికొచ్చింది.
వెలిసిన నీలం పక్కన
ఇంకా వెలవని నీలం.
పైకి కనిపిస్తుందండీ అన్నాను.
కనిపించనీ అన్నారు.

పుస్తకంలో రాశాను, చెయ్యి లూజు 10.
ఈసారి సున్నాలు రెండూ పెట్టాను.
ఆవిడ వంగి చూసి,
"పదిలో దానితో కలిపి మూడు" అన్నారు.