గోడకు నోరుంది

డులూత్‌లో నవంబరు. సరస్సు ఇంకా గడ్డకట్టలేదు.
కేబుల్ పెట్టెను పాత దిండు గలీబులో చుట్టి
కంపెనీ కౌంటరు మీద పెట్టాను.
"ఎందుకు మానేస్తున్నారు?" అంది
గోళ్లకు నీలిరంగు వేసుకున్న అమ్మాయి.
ఆమె దగ్గరున్న కారణాల్లో నా కారణం లేదు.
నెలకు నూట ఎనభై నాలుగు డాలర్లు, అన్నాను.
అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఖనిజం ఓడల రేవులో షిఫ్టు దిగి వచ్చిన ఆర్విడ్
ఒక రాత్రి బూట్లు విప్పకుండానే సోఫాలో కూలబడి
ఎవరో కొనబోయే ఇల్లు, ఎవరో వేయించే చేప,
ఎవరో ఓడిపోయిన ఆట చూస్తూ చూస్తూ
నేను మూడుసార్లు పిలిస్తే
"ఆఁ, బాగుంది" అన్నాడు.
నేను చెబుతున్నది వాళ్లన్న గుండె ఆపరేషన్ సంగతి.

మొదటి వారం ఇల్లంతా
పన్ను ఊడిన చోటు.
నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది.
అల్మరా మీద దుమ్ము లేని నలుచదరం,
గోడలోంచి పొడుచుకొచ్చిన నల్లటి తీగ,
దాని కొసన రాగి ముల్లు.
బ్రెన్నా దానికి చెవి ఆనించి చూసేది,
లోపల ఇంకా ఎవరైనా మాట్లాడుతున్నారేమోనని.

పుస్తకాలు చదువుతామనుకున్నాం. చదవలేదు.
పేకాట మొదలెట్టి పోట్లాడుకున్నాం.
ఆర్విడ్ ఒకే తలుపు బందును నాలుగుసార్లు బిగించాడు.
తొమ్మిదేళ్ల కాపురంలో ఇప్పుడు తెలిసింది:
ఈ మనిషి గిన్నెలు కడుగుతూ కూనిరాగం తీస్తాడు,
అదీ శ్రుతి తప్పి.

గోడలకు చెవులుంటాయంటారు.
మా గోడకు నోరు కూడా ఉంది.
అవతలి వాటాలో ఔనె లాహ్టినెన్, ఎనభై మూడేళ్లు,
బ్రహ్మచెవుడు.
టీవీలో మాట ఆమెకు అందాలంటే
మా వంటింటికీ అందాల్సిందే.
మా సొంత రొదలో ఇన్నేళ్లూ వినపడలేదు.
ఇప్పుడు ఐదున్నరకు వాతావరణం,
ఆరున్నరకు ప్రశ్నల పందెం,
ఏడింటికి ఎవరో డాక్టరుకూ ఎవరి పెళ్లానికో నడిచే కథ.
పైసా కట్టకుండా వింటున్నాం,
బొమ్మ మాత్రం ఎవరికి వాళ్లం గీసుకుంటున్నాం.
డాక్టరుకు మీసం ఉందని బ్రెన్నా,
లేదని నేను.
"ఇదేం మానేయడం?" అన్నాడు ఆర్విడ్,
అంటూనే చెంచా కిందపెట్టి
గోడ వైపు తల వంచాడు.

జనవరిలో ఒక మంగళవారం
ఐదున్నరకు వాతావరణం రాలేదు.
ఆరున్నరయింది. పందెం లేదు.
సూపు చల్లారిపోతోంది.
ఎవరం ఎవరి ముఖమూ చూడలేదు.
ముగ్గురం ఒక్కసారే లేచాం.
ఆర్విడ్ కోటు తిరగేసి తొడుక్కున్నాడు.
తలుపు కొట్టాం, కొట్టాం,
ఆమెకు వినపడదని అప్పుడు గుర్తొచ్చి
వాకిటి దీపం కింద నిలబడి
కిటికీలోంచి చేతులూపాం.

ఆమె కుర్చీలోనే ఉంది.
ఒళ్లో రిమోటు. ఎదురుగా నల్లటి తెర.
ఆ తెరలో మా ముగ్గురి నీడలూ కనిపించాయట.
"కొత్త ప్రోగ్రాం ఏదో వచ్చిందనుకున్నాను"
అంది తలుపు తీస్తూ.
బ్యాటరీలు అయిపోయాయి. అంతే.
ఈ చలిలో దుకాణానికి ఎవరు పోతారని
మధ్యాహ్నం నుంచీ అలాగే కూర్చుందట.

నేను ఇంటికి పరుగెత్తాను.
కౌంటరులో ఇవ్వడం మరిచిన మా రిమోటు
మొన్ననే సోఫా సందులో దొరికింది.
దానికి కంపెనీ పదిహేను డాలర్ల జరిమానా కూడా వేసింది.
పొట్ట విప్పి రెండు బ్యాటరీలూ తీసుకెళ్లాను.
ఆమె వేళ్లు వణుకుతుంటే బ్రెన్నా అమర్చింది.

టీవీ గొంతెత్తింది.
ఆ హోరులో నలుగురం
ఆమె చేసిన యాలకుల రొట్టె తిన్నాం.
డాక్టరుకు మీసం లేదు.
నిన్ననే గీయించుకుని ఉంటాడంది బ్రెన్నా.

పడుకోబోతూ ఆర్విడ్ అడిగాడు,
మనమూ మళ్లీ పెట్టించుకుందామా అని.
నేను నోరు తెరిచేలోపే
గోడ అవతల అంతా ఆగిపోయింది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
కాసేపటికి చెప్పుల చప్పుడు, కుళాయి,
మంచం కిర్రుమనడం.
"సరేలే" అన్నాడు దుప్పటి లాక్కుంటూ,
"రేపు వాతావరణం విందాం."