జర నిమ్మళంగ

ఎట్లున్నది బండి అని అడిగినవు.
బయానా ఇంక ఇయ్యలే గద, మంచిది.
చాయ్ తాగుకుంట చెప్త.

ముందుగాల్ల మోకాళ్ల సంగతి.
ఎక్కాలంటే ఎగరాలె. దిగాలంటే దుంకాలె.
మా చిన్నత్త కోసం డిక్కిల ఒక ప్లాస్టిక్ పీట పెట్టిన,
నీలంది, బేగంబజార్ల ఎనభై రూపాయలు.
ఇరవై లక్షల బండిల
అన్నిటికన్న పనికొచ్చిన సామాను అదే.

వెనక సీటు ఉన్నదంటరు. ఉన్నది.
అండ్ల కూసున్న మా పిల్లగాడు
మెహిదీపట్నం దాటకముందే
పొద్దుగాల తిన్న ఉప్మా వాపస్ ఇచ్చిండు.

ఔటర్ మీద వంద దాటిందా,
గాలి లోపటికొచ్చి ముచ్చట పెడ్తది,
మనం నోరు మూసుకోవాలె.
నేను, మా ఆయన
ఔటర్ మీద కొట్లాడుకోక మూడేండ్లయింది.
దీన్ని లాభంల రాసుకుంటవో నష్టంల రాసుకుంటవో
నీ ఇష్టం.

మైలేజ్ అడగకు.
బంకు పిల్లగాడు అడుగుతడు, లిఫ్టుల పక్క ఫ్లాటాయన అడుగుతడు,
సిగ్నల్ కాడ స్కూటరాయన అద్దం కొట్టి మరీ అడుగుతడు.
తొమ్మిది అంట.
ఇంట్ల ఎవరో పోయినట్టు తల ఊపుతరు.

ఐతారం పొద్దుగాల నార్సింగి కాడ కలుస్తం,
ఇసొంటి బండ్లోళ్లం ఏడెనిమిది మందిమి.
ఫణీంద్ర బండి పైకప్పు కారుతది,
ఎడమ మూలకు తువ్వాల మడిచి కుక్కిండు.
అమ్మరాదు అంటే అమ్మడు.
"ఇండ్ల కూసుంటేనే నేను కనవడ్త" అంటడు.
హబీబుద్దీన్ సాబ్ భుజం రాసుకుంట అన్నడు:
"గేరు మార్చుడు గాదమ్మా ఇది, బోరింగు కొట్టుడు."
జోసఫిన్ టీచర్ చానసేపు ఏమనలే.
ఆఖర్ల అన్నది,
"నలభై ఆరేండ్లల్ల మొదటిసారి
నాకు తొవ్వ ఇడుస్తున్నరు."
ఎవ్వరం నవ్వలే.
నాకు షోరూం యాదికొచ్చింది.
సంతకాలన్ని నాయి, కిస్తులు నా జీతంల కెల్లి,
తాళంచెయ్యి మాత్రం మా ఆయన చేతుల పెట్టి
ఫొటో దీసిండు పిల్లగాడు.

ఆ పక్కన పొట్టి గేరు ఉన్నది చూడు,
నాలుగు చక్రాలను ఒక్కసారి లేపేది.
మూడేండ్లల్ల నాలుగు సార్లు గుంజిన.
రెండుసార్లు అనంతగిరి దిక్కు, బురదల, సోకుకు.
ఒకసారి మా గల్లీల, నల్లా కోసం తవ్వి ఇడిసిపెట్టిన గుంతల.
నాలుగోది చెప్పనీకే నిన్ను కూసోబెట్టిన.

పోయిన వానకాలం. టోలిచౌకి. రాత్రి పదకొండు.
బ్లడ్ బ్యాంకుల నా డ్యూటీ, మూడు ఫోన్లు వచ్చినయ్ అప్పటికే.
చిన్న కార్లు ముక్కులు లేపి అడ్డంగ తిరిగినయ్ నీళ్లల్ల.
నాది ఆగలే.
నీళ్లు హెడ్‌లైట్ల దాక వచ్చినయ్, ఆగలే.
ఒట్టు, ఇరవై లక్షలు ఇయ్యాల వసూలైనయ్ అనుకున్న.

అప్పుడు ఎడమ దిక్కు, ఒక గడప కాడ,
చీర మోకాళ్ల మీదికి చెక్కి, చేతుల చాటతోని
లోపటి నీళ్లు బయటికి ఎత్తిపోస్తున్నది ఒకామె.
ఇసుక సంచులు మూడు అడ్డం పెట్టుకున్నది.
నా బండి లేపిన అల పోయి
ఆ మూడు సంచులు దాటింది.
బియ్యం డబ్బా, మూతతోని సహా,
తేలుకుంట బయటికొచ్చింది.

ఆమె తిట్టలే.
చాట పైకెత్తి,
"జర నిమ్మళంగ, అన్నా" అన్నది.

అన్నా అన్నది.
అద్దం దించి నేనెవరో చూపిద్దామనుకున్న.
సారీ అందామనుకున్న.
దించలే.
దించితే నీళ్లు లోపటికొస్తయని.

తీసుకో, వద్దనను. గట్టి బండి.
తెల్లది తీసుకోకు, రెండోనాడే మట్టి రంగు అయితది.
పీట మొదటి రోజే కొనుక్కో.

ఇగో తాళంచెయ్యి. ఒక రౌండ్ కొట్టి రా.
మలుపు కాడ పైపు పగిలి నీళ్లు నిలిచినయ్.
పక్కనే ఇస్త్రీ బండి ఉంటది,
తెల్ల అంగీలు దండెం మీద.
చూసి పో.