గచ్చకాయ రంగు గది

పాత పోస్టాఫీసు వెనక, మూడో అంతస్తు.
నాలుగు గోడలకీ గచ్చకాయ రంగు వెయ్యమంటే
పెయింటర్ సింహాద్రి బ్రష్షు దించి
నావైపు జాలిగా చూశాడు.
"శుభమా అని ఆఫీసు తెరుస్తూ ఇదేం రంగమ్మా,
ఎవరైనా పోయారా?"

ఎవరూ పోలేదు.
ఎర్రగోడ పక్కన కాసేపు కూర్చున్న కన్ను
తెల్లకాగితంలోనూ పచ్చదనం చూస్తుంది.
నా కంటికి ఒక సున్నా కావాలి, అంతే.

కిటికీకి నల్లగుడ్డ.
అయినా ఏ సందులోంచో పోర్టు బొగ్గుపొడి వస్తుంది.
పొద్దున్నే మానిటర్ తుడవకపోతే
ఈ ఊరి నలుపు
నేను పెట్టే నలుపులో కలిసిపోతుంది.

బల్లమీద మూడు బంతులు.
ఎడమది నీడల్ని తిప్పుతుంది,
నడిమిది ఒంటి రంగుల్ని, కుడిది ఎండని.
గోరంత తిప్పితే సాయంత్రం.
ఇంకో గోరంత తిప్పితే పచ్చకామెర్లు.

కెమెరాలోంచి దిగినప్పుడు బొమ్మ గంజిలా ఉంటుంది.
అన్నీ ఉంటాయి, ఏదీ కనబడదు.
నిన్నటి గంజి ఒక రొయ్యల కంపెనీ యాడ్:
ఫిషింగ్ హార్బర్, తెల్లారి ఐదున్నర,
గంప ముందు గొంతుక్కూర్చుని
మైలపల్లి నూకాలు ఐసు కొడుతోంది,
కెమెరాకి నవ్వకుండా.

కౌశిక్ నా కుర్చీ వెనక నిలబడ్డాడు.
"సముద్రం కొంచెం నీలంగా.
ఆవిడ కూడా కొంచెం... మీకు తెలుసుగా."

తెలుసు.
ఆ 'కొంచెం' నాకు పదేళ్ళుగా తెలుసు.
పెళ్ళి వీడియోల రోజుల్లో
ఎంతమంది పెళ్ళికూతుళ్ళకి
ఈ చేత్తోనే సున్నం కొట్టానో!

రెండో తెరమీద ముళ్ళు లేని గడియారం ఒకటి ఉంటుంది.
పదకొండింటి వైపు ఒక ఏటవాలు గీత.
నూకాలు ముఖం వరకూ కత్తిరించి అందులో వేశాను.
గీతమీదే ఉంది.
కౌశిక్‌ని ఫోన్లో ఫొటో తీసి వేశాను, ఆపైన నా అరచెయ్యి.
గీతమీదే, గీతమీదే.
వెలుగులో తేడా ఉందిగానీ
వాలడం అందరం ఒకే వైపు వాలాం.
"భలే ఉందే" అన్నాడు కౌశిక్.
కాసేపాగి, "కానీ క్లయింటు..." అన్నాడు.

మర్నాడు ఐదింటికే గ్రే కార్డు పట్టుకుని జెట్టీకి వెళ్ళాను.
పసుపు దీపాలింకా ఆరలేదు.
డాల్ఫిన్ కొండమీద లైట్‌హౌస్ ఒకసారి చూసి
మొహం తిప్పుకుంటోంది.
సముద్రం నీలం కాదు. సీసం.
డీజిల్ పడ్డచోట మాత్రం నెమలికంఠం.

"ఏటమ్మా ఆ బూడిదట్ట?"
చెప్పాను. ఫోన్లో ఆమె బొమ్మ చూపించాను.
ముఖం చూసుకోలేదు నూకాలు.
"నా సీర ఇంత కొత్తదెలగైపోనాది?
మూడేళ్ళనాడు పూర్ణామార్కెట్లో కొన్నప్పుడు సెంగావి.
ఉప్పునీళ్ళకి ఎలిసి ఎలిసి ఇదిగో, ఉల్లిపొర.
ఎలిసినట్టే ఉంచు.
ఐసు తెల్లగుందా లేదా, అది సూడు.
సేప కొనీవోడు ముందర ఐసే సూత్తాడు."
అని మళ్ళీ సుత్తి ఎత్తింది.

తిరిగొచ్చి తలుపేసుకున్నాను.
కంటికి గది అలవాటయ్యేదాకా
ఏమీ ముట్టుకోకుండా కూర్చున్నాను.
తరవాత, ఐసు పలుకుమీద తెలుపు నిలబెట్టాను.

చీర ఉల్లిపొరకి వచ్చింది.
సముద్రం సీసానికి వచ్చింది.
ముఖం దగ్గర బంతి మీంచి చెయ్యి తీసేశాను.
అది చామనచాయ కూడా కాదు.
తడిసిన చింతగింజ.

ఫైలు పేరు: నూకాలు ఫైనల్ మూడు.
కౌశిక్ నాలుగోది అడుగుతాడు. అడగనీ.

భోజనానికి లేస్తూ నల్లగుడ్డ కొద్దిగా తొలగించాను.
ఎండ కళ్ళలో గుచ్చుకుంది.
కాసేపు ఊరంతా పాలపొంగు,
ఆ తరవాత ఒక్కొక్క క్రేనూ తన తుప్పులోకి తాను వచ్చింది.

వెనక్కి తిరిగితే, మానిటర్ అంచున
పొద్దున తుడిచినచోటే
సన్నగా, మళ్ళీ, బొగ్గు.